నురగలో ఊపిరాడని చిన్న ప్రాణాలు

*కాలవ గట్టున బట్టలు ఉతికిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఆ నీళ్లలో ఎవరు బతుకుతున్నారు? హాలహర్వి నుంచి ఆదోని, ఎమ్మిగనూరు దాకా కాలవలూ కుంటలూ వంకల వెంట సాగిన కథనం.*

తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లొచ్చాయంటే హాలహర్వి చుట్టుపక్కల ఊళ్లలో బట్టల మూటలు బయటికొస్తాయి. వేసవంతా మడిచిపెట్టిన బొంతలు, పండక్కి ఇల్లు దులిపి తీసిన దుప్పట్లు, పత్తి చేలో మట్టి పట్టిన పంచెలు, పిల్లల స్కూలు బట్టలు.. అన్నీ టబ్బుల్లో, ఆటోల్లో, ట్రాక్టరు ట్రాలీల్లో కాలవ గట్టుకు చేరతాయి. గట్టు వార ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. సర్ఫు పాకెట్టు మూల పంటితో చించి పొడి బకెట్లోకి వంచుతారు. మూర ఎత్తు నురగ లేస్తుంది. నానిన గుడ్డను బండ మీద బాది, నాలుగు సార్లు కాలవలో జాడిస్తే తెల్లటి పాయ ఒకటి గట్టు వెంబడి సాగుతూ కాసేపటికి కనుమరుగవుతుంది.

ఆ తల్లులను తప్పుపట్టడానికి ఈ కథనం రాయడం లేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో నీళ్ల కష్టం ఏమిటో తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయరు. పంటలు ఎండితే గుంటూరుకో బెంగళూరుకో సుగ్గికి పోయే ఊళ్లివి. బోరు వేస్తే పడేది ఉప్పు నీళ్లు. వాటిలో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలను పట్టేసుకుని అలా ముద్ద కట్టేస్తాయి. డిటర్జెంటుకు ఆ ఇబ్బంది చాలా తక్కువ. మన ఇళ్లలో బట్టల సబ్బు వెనక్కి పోయి సర్ఫు పొడి ముందుకు రావడానికి ధరతో పాటు ఈ ఉప్పు నీళ్లూ ఒక కారణం. బోరు నీళ్లకు అలవాటైన చెయ్యి మెత్తటి కాలవ నీళ్ల దగ్గరా అంతే పొడి వేస్తుంది. నిజానికి అక్కడ అందులో సగం చాలు.

ఈ కథనం మాట్లాడేది ఆ తెల్లటి పాయ కింద ఉన్నవాళ్ల గురించి. గోరు మీద పట్టేంత ప్రాణులు, కొన్నయితే ఆవగింజంత కూడా ఉండవు. వాటికి ఓటు లేదు, నోరు లేదు. ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల్లో మనం నీళ్లు అని పిలిచే ప్రతి మడుగునూ నీళ్లుగా నిలిపి ఉంచుతున్నది మాత్రం అవే.

నీటి పొర మీద నడిచేవాళ్లు

కాలవ పక్కన నీరు నిలిచిన మడుగు దగ్గర ఎండపూట కాసేపు వంగి చూడండి. నీటి మీద సన్నటి పొడుగు కాళ్ల పురుగులు స్కేటింగ్ చేస్తున్నట్టు జారుతుంటాయి. వాటి కాళ్ల కింద నీటి పొర చిన్న చిన్న గుంటలు పడుతుంది కానీ తెగదు. ఆ గుంటల నీడలు అడుగున గుండ్రటి నల్లచుక్కలై పురుగుతో పాటే కదులుతుంటాయి. నీటి అణువులు పైపొరలో ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుని ఉండడం వల్ల ఆ పొరకు అంత బిగువు వచ్చింది. దాన్నే తలతన్యత అంటారు. ఆ పురుగు నీళ్లలో పడ్డ ఈగల్ని, చీమల్ని తిని బతుకుతుంది. మడుగుకు అది ఊడ్చి శుభ్రం చేసే మనిషి.

డిటర్జెంటులో అసలు పని చేసే పదార్థాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. దాని అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను ఇష్టపడుతుంది. నూనె కొస మురికిలో గుచ్చుకుంటుంది, నీటి కొస దాన్ని బయటికి లాగుతుంది. బట్ట తెల్లబడేది అందుకే. ఇదే అణువు నీటి పైపొరలో దూరితే ఆ బిగువు సగానికి సగం పడిపోతుంది. పురుగు కాళ్లు పొరను చీల్చుకుని కిందికి దిగిపోతాయి. తడవని కాళ్లు తడుస్తాయి. అది మునిగిపోతుంది.

ఇది పైన జరిగేది. లోపల జరిగేది ఇంకా ఘోరం.

జీవకణం చుట్టూ ఉండే పొర కొవ్వుతోనే కట్టింది. చేప మొప్ప, తోకకప్ప మొప్ప, తూనీగ పిల్ల మొప్ప ఏదైనా ప్రాణవాయువు లోపలికి రావాలంటే ఆ పొర కాగితం కన్నా పల్చగా ఉండాలి. దాని మీద జిగట పూత ఒకటి కాపలా ఉంటుంది. సర్ఫాక్టెంట్ ముందు ఆ జిగటను కడిగేస్తుంది. ఆ తర్వాత కణం పొరలోకి దూరి కొవ్వునూ ప్రొటీన్లనూ చెదరగొడుతుంది. మొప్ప వాస్తుంది, పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీళ్లలో ప్రాణవాయువు ఉన్నా లోపలికి రాదు. చేప పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది.

ఈ మాట మన రైతుకు కొత్త కాదు. వేపనూనె పిచికారీ చేసేటప్పుడు లీటరు నీటికి చిటికెడు సర్ఫు కలపమని వ్యవసాయాధికారులే చెబుతారు. నూనె నీటిలో కలిసిపోతుంది, ఆకుకు సమంగా అంటుతుంది. సబ్బు నీళ్లు పడితే పేనుబంక లాంటి మెత్తటి పురుగులు చస్తాయని కూడా పత్తి, మిరప వేసినవాళ్లకు తెలుసు. చేలో ఆకు మీద పేనుబంకకు ఏం చేస్తుందో, మడుగులో మెత్తటి ఒళ్లున్న ప్రతి ప్రాణికీ అదే చేస్తుంది. చేలో రైతు చిటికెడు కొలిచి వేస్తాడు. రేవులో కొలత లేదు.

వంద గ్రాముల లెక్క

బజారులో దొరికే ఎక్కువ పొడుల్లో ఉండే సర్ఫాక్టెంట్ పేరు లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్. శాస్త్రవేత్తలు పొట్టిగా ఎల్‌ఏఎస్ అంటారు. పెట్రోలియం నుంచి తీస్తారు. దీని విషం ఎంతో కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రాణి డాఫ్నియా. నీటి ఈగ అని పిలుస్తారు గానీ ఈగ కాదు, రొయ్యకూ ఎండ్రకాయకూ దూరపు చుట్టం. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. గాజు గ్లాసులో కుంట నీళ్లు ముంచి ఎండకు పట్టుకుంటే తెల్లటి చుక్కలు ఎగిరెగిరి పడుతూ కనిపిస్తాయే, వాటిలో చాలా భాగం ఇవే, లేదా వీటి చుట్టాలే. ఒళ్లు అద్దంలా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే వీపు పక్కన గుండె కొట్టుకోవడం, పేగులో పచ్చటి పాచి కదలడం, కడుపులో పిల్లలు కళ్లు తెరవడం కూడా కనిపిస్తాయి.

పరీక్ష ఇలా చేస్తారు. పుట్టి 24 గంటలు కూడా కాని డాఫ్నియా పిల్లల్ని రకరకాల మోతాదుల డిటర్జెంటు నీళ్లలో వేస్తారు. ఒక్కో మోతాదుకు కనీసం 20 పిల్లలు. 48 గంటల తర్వాత గ్లాసును మెల్లగా కదిపి 15 సెకన్లు చూస్తారు. ఆ 15 సెకన్లలో ఈదలేని వాటిని పడిపోయినట్టు లెక్కేస్తారు. సగం పిల్లలు అలా పడిపోయే మోతాదే కొలమానం. ఎల్‌ఏఎస్ విషయంలో అది అణువు పొడవును బట్టి మారుతుంది. గొలుసు పొడుగైన కొద్దీ విషం ఎక్కువ. మొత్తం మీద లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. చాలా చేపలకూ సుమారు అంతే.

మన రేవు లెక్కలోకి వద్దాం. పొడిలో సర్ఫాక్టెంట్ 15 శాతం అనుకుందాం. వంద గ్రాముల పొడిలో 15 గ్రాములు, అంటే 15,000 మిల్లీగ్రాములు. లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున పంచితే 3,000 లీటర్లకు సరిపోతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అడుగు లోతున్న మడుగులో పట్టేది దాదాపు 2,800 లీటర్లు. ఒక ఇంటి బట్టలు ఒక్కసారి ఉతికిన పొడి ఆ మడుగులోని డాఫ్నియాల్లో సగాన్ని రెండు రోజుల్లో పడగొట్టగలదు.

అదే వంద గ్రాములు నిండుగా పారే కాలవలో పడితే? కాలవలో 500 క్యూసెక్కులు పారుతున్నాయనుకోండి. సెకనుకు 14 వేల లీటర్లకు పైనే. మన 3,000 లీటర్లు సాగిపోవడానికి సెకనులో నాలుగో వంతు కూడా పట్టదు. నిండు కాలవలో నడిమధ్యన ఒక ఇంటి సర్ఫు పెద్ద ప్రమాదం కాదు. ఇది దాచిపెట్టి భయపెడితే మాట మీద నమ్మకం పోతుంది. గట్టు వార సంగతి వేరు. అక్కడ నీరు నెమ్మదిగా, లోతు తక్కువగా, గడ్డి మధ్య తిరుగుతూ ఉంటుంది. చేపపిల్లలు, తోకకప్పలు, తూనీగ పిల్లలు దాక్కునేది అక్కడే. మనం గుడ్డ జాడించేదీ అక్కడే.

అసలు ప్రమాదం కాలవ ఆగిన తర్వాత మొదలవుతుంది. దిగువ కాలువకు నీళ్లు ఏడాదంతా రావు. వంతులేసుకుని వదులుతారు, ఆపుతారు. ఆపిన తర్వాత కాలవ అడుగున గుంటల్లో, తూముల కింద, పక్క వంకల్లో మడుగులు మిగులుతాయి. వేదవతి కూడా అంతే. వాన కాలంలో పారి, తర్వాత ఇసుక మధ్య అక్కడక్కడా నీటి గుంటలై మిగిలే నది అది. చిక్కమగళూరు కొండల్లో పుట్టి, వాణివిలాస సాగరం, భైరవానితిప్ప దాటి మన గూళ్యం ఒడ్డున సాగి తుంగభద్రలో కలుస్తుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ పొడవునా బతికిన నీటి ప్రాణులన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి. మళ్లీ వాన పడ్డాక నదిని నింపేది ఆ మిగిలిన విత్తనమే. జనాలకూ అప్పుడు మిగిలేది ఆ మడుగులే. బట్టలూ, ఎద్దులూ, ట్రాక్టర్లూ, మందు కొట్టిన స్ప్రేయరు ట్యాంకులూ అన్నీ అక్కడే కడుగుతారు. మందు అవశేషం మీద సర్ఫు కలిస్తే మందు ఒంట్లోకి ఇంకా సులువుగా దూరుతుంది.

చావకుండా మిగిలిన వాటి బతుకు కూడా బాగుండదు. 1965లో అమెరికాలో ముగ్గురు శాస్త్రవేత్తలు మీసాల చేపల మీద ఒక పరిశోధన చేసి సైన్స్ పత్రికలో ప్రచురించారు. మన జెల్లలకు ఉన్నట్టే ఆ చేపలకూ మూతి చుట్టూ మీసాలుంటాయి. బురద నీటిలో కంటికి ఏదీ కనిపించదు గనుక ఆ మీసాలతోనే రుచి చూసి మేత వెతుక్కుంటాయి. లీటరుకు అర మిల్లీగ్రాము డిటర్జెంటున్న నీటిలో కొన్ని వారాలున్నాక మీసాల మీది రుచి మొగ్గలు చెడిపోయాయి. చేప బతికే ఉంది, ఎదురుగా మేత ఉంది, అది మేతని తెలియడం లేదు. తాగునీటి విషయంలో మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం డిటర్జెంటు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1 మిల్లీగ్రాము దాకా ఒప్పుకోవచ్చు. మనిషికి గత్యంతరం లేనప్పుడు ఒప్పుకున్న ఆ హద్దు ఆ మీసాల చేపకు హద్దు దాటిన విషం.

నారికురుపు మిగిల్చిన భయం

ఈ చిన్న ప్రాణుల మీద మనకు జాలి పుట్టకపోవడానికి ఒక కారణముంది. మన పెద్దలకు వీటిలో పేరు తెలిసింది ఒక్కటే, అది రోగం తెచ్చింది. దిగుడు బావుల్లో తాగే నీళ్లలో సైక్లాప్స్ అనే కంటికి సరిగా ఆనని ప్రాణి ఉండేది. నారికురుపు పురుగు పిల్ల దాని కడుపులో చేరి, నీళ్లతో పాటు మనిషి కడుపులోకి వెళ్లి, ఏడాదికి కాలు చీల్చుకుని మూరెడు దారంలా బయటికొచ్చేది. ఆంధ్రప్రదేశ్ ఆ జబ్బుతో బాగా నలిగిన రాష్ట్రాల్లో ఒకటి. నీళ్లు గుడ్డతో వడగట్టమని ఊరూరా చెప్పారు, దిగుడు బావులు మూయించారు, మందు చల్లి సైక్లాప్స్‌ను చంపారు. 1996 తర్వాత దేశంలో కేసు లేదు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ప్రజారోగ్య చరిత్రలో మనం గెలిచిన పెద్ద యుద్ధాల్లో అదొకటి.

కానీ ఆ గెలుపు తర్వాత నీళ్లలో కదిలే ప్రతిదాన్నీ శత్రువుగానే చూడడం మిగిలిపోయింది. అక్కడే మనం నష్టపోతున్నాం. డాఫ్నియా రోజంతా నీటిని వడగడుతూ పచ్చపాచిని మేస్తుంది. అది పోతే పాచిని ఆపేవాడుండడు. తూనీగ పిల్ల నీళ్లలో ఉన్నన్నాళ్లూ దోమ పిల్లల్ని కూడా తింటుంది. అది ఊపిరి తీసే తీరు కూడా విచిత్రం. తోక వైపు నుంచి నీళ్లు లోపలికి లాక్కుని, అక్కడున్న మొప్పలతో ప్రాణవాయువు తీసుకుంటుంది. నీళ్లలో సర్ఫు ఉంటే అది నేరుగా లోపలి మొప్పలకే తగులుతుంది.

దోమ సంగతి చూడండి. దోమ పిల్ల నీళ్లలో ఉన్నా ఊపిరి తీసేది పైగాలి నుంచే. తోక కొసన ఉన్న గొట్టాన్ని నీటి పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతుంది. చిక్కటి నురగలో పడితే అదీ మునిగి చస్తుంది, కాదనను. కానీ పల్చటి సబ్బు నీళ్లు, పేడ, మురుగు కలిసి కుళ్లిన కాలువల్లో ప్రాణవాయువు లేక తూనీగ పిల్లలూ చేపపిల్లలూ చచ్చిన చోట క్యూలెక్స్ దోమ హాయిగా పెరుగుతుంది. బోదకాలు మోసుకొచ్చే దోమ అదే. మలేరియా విభాగం వాళ్లు బావుల్లో గంబూసియా చేపలు వదిలేది దోమ పిల్లల్ని తినడానికే. ఆ పనిని ఉచితంగా చేసే తూనీగ పిల్లను మనం సర్ఫుతో తోలేస్తున్నాం.

సర్ఫుతో దెబ్బతిన్న నీళ్లు పచ్చబడడం వెనక రెండు కారణాలు కలుస్తాయి. ఒకటి, పాచిని మేసేవాళ్లు చస్తారు. రెండు, కొన్ని పొడుల్లో ఉండే ఫాస్ఫేటు ఆ పాచికి ఎరువవుతుంది. ఫాస్ఫేటు పాత్రను తేల్చి చెప్పింది కెనడాలోని ఒక చిన్న సరస్సు. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును మధ్యలో తెరతో రెండుగా విడగొట్టింది. ఒక సగానికి కార్బన్, నత్రజని వేశారు. రెండో సగానికి వాటితో పాటు ఫాస్ఫరస్ కూడా వేశారు. ఫాస్ఫరస్ పడిన సగం పచ్చటి రంగు పోసినట్టయింది, రెండో సగం తేటగానే ఉంది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూశాక వాదించడానికి ఏమీ మిగల్లేదు. యూరప్ దేశాలు 2013 నుంచి ఇంటి బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫేటును బాగా తగ్గించాయి.

మేసేవాళ్లు పోతే ఏమవుతుందో సముద్రం కూడా చూపించింది. 1967లో ఇంగ్లండు తీరంలో టోరీ కాన్యన్ అనే చమురు ఓడ బద్దలైతే, తెట్టును కడగడానికి వేల టన్నుల డిటర్జెంటు కుమ్మరించారు. చమురు చంపిన దానికన్నా ఆ డిటర్జెంటు చంపిన తీర ప్రాణులే ఎక్కువ. రాళ్లు పట్టుకుని పాచి మేసే గుల్లలు చచ్చాక ఆ రాళ్లన్నీ పచ్చగా పాచిపట్టాయి. కోలుకోవడానికి పదేళ్లు దాటింది.

పోయింది అనుకున్న నురగ

డిటర్జెంటు చరిత్రలో మనకు ధైర్యమిచ్చే ఘట్టం ఒకటుంది. 1950ల్లో వాడిన పాత రకం సర్ఫాక్టెంటు అణువుకు కొమ్మలు ఎక్కువ. సూక్ష్మజీవులు దాన్ని కొరకలేకపోయేవి. జర్మనీ, ఇంగ్లండు, అమెరికా నదుల మీద నురగ కొండల్లా లేచేది. జర్మనీ 1961లో చట్టం చేసింది. 1965 నాటికి అమెరికా కంపెనీలు కూడా కొమ్మల్లేని ఎల్‌ఏఎస్‌కు మారాయి. దాన్ని సూక్ష్మజీవులు తింటాయి. గాలి బాగా తగిలే నీటిలో, మట్టి పైపొరలో కొద్ది రోజుల్లోనే చాలా వరకు విరిగిపోతుంది. చట్టం చేస్తే కంపెనీలు మారతాయని అప్పుడే తేలింది.

కానీ గాలి తగలని చోట ఎల్‌ఏఎస్ విరగదు. నల్లటి బురదలో అలాగే పేరుకుపోతుంది. బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ మన ఊళ్ల నుంచి సుగ్గికి పోయినవాళ్లలో చాలామంది కళ్లారా చూసే ఉంటారు. 2015లో ఆ నురగకు నిప్పంటుకుని దేశమంతా మాట్లాడుకుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించి చెప్పింది ఇదే. మురుగుతో వచ్చిన సర్ఫాక్టెంటు చెరువు అడుగు బురదలో చేరుతుంది. పెద్ద వాన పడి బురద కదిలినప్పుడు పైకొచ్చి నురగ కడుతుంది. హైదరాబాదు కూకట్‌పల్లి దగ్గర ధరణినగర్ వీధుల్లోకి వాన పడితే చాలు తెల్లటి నురగ కొట్టుకొచ్చేది. ఢిల్లీలో యమున మీద నురగ చూసి 2021లో అక్కడి ప్రభుత్వం ప్రమాణాలకు తగని సబ్బులు, డిటర్జెంట్ల అమ్మకాన్ని నిషేధించింది.

మనకు అంత పెద్ద మురుగు లేదు. మురుగు శుద్ధి కేంద్రం కూడా మన పల్లెల్లో ఎక్కడా లేదు. గాలి ఊదే ట్యాంకుల్లో తొంభై ఐదు పాళ్లకు పైగా విరిగిపోయే పదార్థం, మన దగ్గర ఇంటి ముందు కాలువలోంచి నేరుగా కుంటకు పోతోంది. ఈ దిగువ కాలువ మన పడమటి ప్రాంతంలో లక్షన్నర ఎకరాలకు సాగునీరు. ఆదోని పట్టణం తాగే నీళ్లు బసాపురం సమ్మర్ స్టోరేజీ ట్యాంకులో నిండేది కూడా ఈ నీళ్లతోనే. ఆ ట్యాంకులో నీళ్లు నెలల తరబడి నిలబడాలి. నిలబడిన నీరు చెడకుండా కాచేది డాఫ్నియాల్లాంటి పాచి మేసే ప్రాణులే. కడిగేసుకున్న నీళ్లు ఎక్కడికో పోయాయి అనుకునే అలవాటు ఆ ట్యాంకు దగ్గర చెల్లదు.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగం మన వరిమడి ఎండ్రకాయల మీద, మంచినీటి ఆల్చిప్పల మీద పురుగుమందుల ప్రభావం గురించి దశాబ్దాలుగా పరిశోధనలు చేసింది. రాయలసీమ నీటి ప్రాణుల ఒంటి తీరు గురించి తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారని చెప్పడానికే ఈ మాట. అదే శ్రద్ధ ఇప్పుడు ఇంటి సర్ఫు మీద, దిగువ కాలువ మడుగుల మీద పడాలి.

కుంకుడుకాయ జవాబు కాదు

ఇలాంటి మాటలు రాగానే కుంకుడుకాయకూ సీకాయకూ తిరిగి పోదాం అంటారు కొందరు. మా అవ్వల కాలంలో చాకిరేవుల్లో చౌడు మన్నుతో ఉబ్బ పెట్టి ఉతికేవాళ్లు. చౌడులోని సోడా జిడ్డును విడదీసేది. బట్టలు తెల్లగానే ఉండేవి. ఆ పనితనం రజకుల చేతుల్లో ఉండేది, దానికి కట్టెలు, పొద్దు, ఒళ్లు వంచే మనుషులు కావాలి. పత్తి చేలో పొద్దంతా వంగి వచ్చిన ఆడమనిషిని ఇవాళ ఆ పని చెయ్యమనడం అన్యాయం.

ఇంకో సంగతి. కుంకుడు నురగలో ఉండే సపోనిన్ కూడా సర్ఫాక్టెంటే. మొప్పల మీద అదీ అలాగే పనిచేస్తుంది. కొండ ప్రాంతాల్లో మడుగులో దంచి వేసి చేపలకు మత్తెక్కించి పట్టే చెట్ల కాయల్లో, బెరళ్లలో చాలావాటిలో ఉండేది సపోనినే. ప్రకృతిలో దొరికింది కాబట్టి మడుగులో పోయొచ్చు అనుకోవద్దు. బ్లీచింగు పొడి, ఫినాయిలు, బట్టలు మెత్తబడడానికి చివర్లో వేసే ద్రవాలు డాఫ్నియాకు సర్ఫు కన్నా చేటు. వాటిని మడుగు దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

ఏం వాడుతున్నామన్నది ఒక సంగతి. వాడిన నీళ్లు ఎక్కడ పారబోస్తున్నామన్నది అంతకన్నా పెద్ద సంగతి, నా దృష్టిలో. సర్ఫు నీళ్లను మట్టి మీద పోస్తే పైపొరలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. నీటి ఒడ్డు నుంచి ఇరవై ముప్ఫై అడుగులు ఇవతలికి బకెట్టు తెచ్చి, నురగ నీళ్లు, మొదటి పిండుడు నీళ్లు అక్కడ పోస్తే చాలు. సర్ఫులో ఎక్కువ భాగం ఆ మొదటి నీళ్లలోనే ఉంటుంది. చివరి జాడింపు కాలవలో చేసుకున్నా చేటు బాగా తగ్గుతుంది. కాకపోతే నల్లరేగడి నీళ్లు తొందరగా పీల్చదు. ఒకే చోట ఏళ్ల తరబడి పోస్తే పొడిలోని సోడియం మట్టిని బిగించి చౌడు తేలుస్తుంది. అందుకే చేను గట్టు మీద పోయొద్దు, ఒకే చోట పోయొద్దు. గులకరాళ్లు, ఇసుక నింపిన ఇంకుడు గుంత ఉంటే అన్నిటికన్నా మేలు.

ఆ గుంత తవ్వడం ఆడవాళ్ల పని కాదు, పంచాయతీ పని. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ 2020లో మొదలైనప్పటి నుంచి ఇళ్లలో వాడిన నీళ్ల నిర్వహణ అందులో ఒక ముఖ్య భాగం. ఉపాధి హామీ పనుల్లోనూ ఇంకుడు గుంతలున్నాయి. కాలవకు ఎగువన కాక పక్కన నాలుగు బండలు, ఒక నీటి తొట్టి, వాడిన నీళ్లు పోవడానికి ఒక గులకరాళ్ల గుంత. ఒక ఊరికి ఇంతకు మించి అక్కర్లేదు. నడుము వంచకుండా నిలబడి ఉతుక్కునే ఎత్తులో బండ కడితే ఆడవాళ్లు అడక్కుండానే అక్కడికొస్తారు.

దేశంలో పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువులకు మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ ఇవ్వడం 1991లోనే మొదలైంది. సబ్బులు, డిటర్జెంట్లు అందులో ఉన్నాయి. 2024లో కొత్త నియమాలూ వచ్చాయి. మన ఊరి అంగళ్లలో ఆ కుండ గుర్తున్న సర్ఫు పాకెట్టు నా కంట పడలేదు. ఫాస్ఫేటు ఎంత, సర్ఫాక్టెంటు ఎంత అన్నది పాకెట్టు మీద తెలుగులో, కన్నడంలో, కంటికి ఆనే అక్షరాల్లో ఉండాలని అడగాల్సింది మనమే. అరవై ఏళ్ల కిందట జర్మనీ ప్రభుత్వం అడిగితే మారిన పరిశ్రమ ఇప్పుడు మనం అడిగితే మారదా?

హాలహర్వి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు బడుల్లో సైన్సు చెప్పే అయ్యవార్లకూ అమ్మవార్లకూ ఒక విన్నపం. మీ బడి దగ్గర మడుగొకటి ఎంచుకుని ఏడాది పొడవునా పిల్లల చేత చూపించండి. తూనీగ పిల్లలున్నాయా, తోకకప్పలున్నాయా, నీటి మీద నడిచే పురుగులున్నాయా, గాజు గ్లాసులో తెల్లటి చుక్కలు ఎగురుతున్నాయా అని నెలకోసారి రాయించండి. ఖర్చు లేదు. బట్టలు ఎక్కువ ఉతికే చోటు, ఉతకని చోటు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పిల్లలే పట్టేస్తారు. ఆ నోటు పుస్తకం గ్రామసభలో పెడితే బండలకూ గుంతకూ డబ్బు అడగడానికి అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

చదువుతున్న మీకు చెప్పేది కూడా ఇంతే. పొడి గుప్పెడు కాకుండా చెంచాతో కొలవండి, కాలవ నీళ్లయితే సగం వేయండి. మొదటి పిండుడు నీళ్లు ఒడ్డుకు దూరంగా మట్టి మీద పోయండి. స్ప్రేయరు ట్యాంకు కాలవలో, కుంటలో కడగొద్దు. ఎండాకాలంలో మిగిలిన మడుగుల జోలికి సర్ఫుతో పోవద్దు. ఉతికే బండలు, ఇంకుడు గుంత కావాలని వచ్చే గ్రామసభలో అర్జీ పెట్టండి. అర్జీ మీద మీ వీధి ఆడవాళ్ల సంతకాలు ముందుండాలి, రేవులో కూర్చునేది వాళ్లే కాబట్టి.